మ్యాచింగ్ మాస్టారి నల్ల సూటు

మనిషికి రాగల తలనొప్పుల్లో జాతికుక్కని ప్రదర్శనకి తీసుకెళ్ళడం అనేది ఒకటుందని యాభై నాలుగో ఏడు నిండేదాకా మ్యాచింగ్ మాస్టారికి తెలియదు. తెలిశాక ఆరు నెలలపాటు ఆ తలనొప్పి ఆయన్ని వదల్లేదు.

మాస్టారంటే బడిపంతులు కాదు, దర్జీ. మార్కెట్టు వెనకవీధిలో, గడియారాలు బాగుచేసే కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న పొడుగాటి గది ఆయన షాపు. ముందు గాజు తలుపు, లోపల కటింగు బల్ల, రెండు కుట్టుమిషన్లు, నిలువుటద్దం, మూలనుంచి మేడమీద ఇంట్లోకి ఎక్కే ఇనపమెట్లు. కోట్లూ ప్యాంట్లూ కుట్టేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు కానీ, రంగు కలపడంలో ఆయనకి ఆయనే సాటి. మోచెయ్యి చిరిగిన కోటు తెస్తే, ఆ గుడ్డని గాజు తలుపు దగ్గరికి తీసుకెళ్ళి వెలుతుర్లో రెండు క్షణాలు చూసేవారు. వెనక్కొచ్చి మూడువందల దారపురీళ్ళున్న పెట్టెలో చెయ్యిపెట్టి ఒకే ఒక్క రీలు పైకి తీసేవారు. కుట్టాక చిరుగెక్కడో కోటుగలాయనే కనిపెట్టలేకపోయేవాడు. అలా వచ్చిన పేరే మ్యాచింగ్ మాస్టారు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం. గుండీకీ దారానికీ రంగు కుదరని మనిషి ఎదురైతే, ఎంత పెద్ద ఉద్యోగస్థుడైనా సరే, ఆయన లెక్కలో సగం మనిషే.

కోత, పైకుట్టు ఆయనవి. లోపలి పనంతా భార్యది. లైనింగు అతకడం, అంచులు మడిచి చేత్తో కుట్టడం, కాజాలు తియ్యడం. ఆవిడ ఆ పని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుంటే చాలు, "లోపలివైపు ఎవరు చూస్తారే? కానియ్, కానియ్" అని ఆయన మిషను తొక్కుతూనే తొందరపెట్టేవారు. ముప్పై ఏళ్ళుగా అదే మాట. ఆవిడ తల ఊపేది, ఊపి తన పద్ధతిలోనే సన్నగా, దగ్గరదగ్గరగా కుట్టేది.

ఇంట్లో మూడో మనిషి అత్తగారు. మామగారు పోయాక ఆవిణ్ణి ఇక్కడికి తీసుకొచ్చారు. వచ్చిన రోజున మేడమీద కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. ఎనిమిది నెలలు అందులోంచి లేవలేదు. అంటే భోజనానికీ స్నానానికీ లేచేది, అంతకుమించి లేదు. చూపు మందగించింది, మోకాళ్ళు బిగుసుకుపోయాయి, మాటలు తగ్గిపోయాయి. అల్లుడితో దెబ్బలాడటం కూడా మానేసింది. అదే మాస్టార్ని భయపెట్టింది. పెళ్ళయిన రోజునుంచీ ఆవిడకీ ఆయనకీ క్షణం పడేది కాదు, అలాంటి మనిషి ఇప్పుడు ఏమన్నా సరే "మీ ఇష్టం అల్లుడుగారూ" అనడం మొదలుపెట్టింది.

అప్పుడు వచ్చింది బొత్తాం. రిటైరైన పశువుల డాక్టరమ్మ ఒకావిడ కోటు నడుం వదులు చేయించుకోవడానికి షాపుకొచ్చి, తన ల్యాబ్రడార్ ఏడు పిల్లల్ని పెట్టిందని చెప్పింది. మాస్టారి భార్య సూది ఆపి, "మా అమ్మకోసం ఒకటి ఇస్తారా అమ్మా?" అని అడిగింది. డాక్టరమ్మ ఊరికే ఇస్తానంది. కాకపోతే ఒక షరతు. ఈ వంశం మంచిదని నలుగురూ ఒప్పుకోవాలంటే పిల్లలకి ప్రదర్శనల్లో పేరు రావాలి. కాబట్టి రెండేళ్ళు నిండేలోపు ఏదో ఒక ప్రదర్శనలో జడ్జిచేత 'ఎక్సలెంట్' అనిపించుకోవాలి, లేకపోతే కుక్క తిరిగి ఆవిడ ఇంటికే. ఆవిడే దాన్ని ప్రదర్శనలకి తిప్పి పేరు తెచ్చుకుంటుంది. అదంతా కాగితంమీద రాసి ముందుపెట్టింది. మాస్టారు సంతకం చేసేశారు. ఏం రాసుందో ఒక్క ముక్క చదవలేదు. డాక్టరమ్మ కోటు కాలరు ఎడమవైపు ఎత్తు వచ్చింది, సంతకం పెట్టినంతసేపూ ఆయన చూపు దానిమీదే ఉంది.

పిల్ల నల్లగా, గుండ్రంగా ఉందని బొత్తాం అని పిలుచుకున్నారు. కాగితాల్లో దానికి మూరెడు పొడుగు పేరుంది, ఆ పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు. అది వచ్చిన వారానికే అత్తగారి చెప్పు ఒకటి నమిలేసింది. ఆవిడ కుర్చీలోంచి లేచి, కర్ర పట్టుకుని, దాని వెంట ఇనపమెట్లన్నీ దిగి షాపులోకి వచ్చింది. "అల్లుడుగారూ, దీన్నైనా పెంచండి, నన్నైనా ఉంచండి!" అని అరిచింది. ఆ అరుపు విని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో మాస్టారికి అర్థం కాలేదు కానీ, ఆయనకి మాత్రం చాలా నెలల తర్వాత ఊపిరి ఆడింది.

కుక్క పెద్దదయ్యాక పొద్దున్నే దాన్ని వీధి చివరిదాకా తిప్పే పని అత్తగారు తనదే అంది. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో పట్టీ. వీధిలో వాళ్ళందరికీ ఆవిడ పరిచయమైంది. గడియారాలాయనతో గొడవ కూడా పెట్టుకుంది. కిటికీ పక్క కుర్చీమీద ఇస్త్రీ బట్టలు పేరుకోవడం మొదలైంది.

అందుకే, ఏడాది ఐదు నెలల వయసప్పుడు డాక్టరమ్మ ఫోను చేసి, "మాస్టారూ, మొదటి ప్రదర్శన వస్తోంది, గుర్తుందిగా? ఊళ్ళో ఏడాదికి రెండే. దాని రెండేళ్ళలోపు మీకు మిగిలినవీ ఈ రెండే" అన్నప్పుడు మాస్టారు తెల్లమొహం వేశారు. కాగితం వెతికి తీసి, ఈసారి కళ్ళజోడు పెట్టుకుని చదివారు. చదివి భార్యవైపు తిప్పారు. ఆవిడ చదివి, మేడవైపు చూసి, "ఇది పోతే అమ్మ మళ్ళీ ఆ కుర్చీలోకే వెళ్తుందండీ" అంది.

ఇక మొదలైంది పీడ. ఫారం నింపాలి. కుక్క తండ్రి పేరు, తల్లి పేరు, తాత పేరు. మాస్టారికి తన ముత్తాత పేరే తెలియదు, కుక్క ముత్తాత పేరు మాత్రం స్పెల్లింగు తప్పిందని ఫారం రెండుసార్లు వెనక్కొచ్చింది. టీకాల కార్డు ఒకటి, మెడ దగ్గర చర్మం కింద పెట్టిన చిప్పు నంబరు ఒకటి, ఫోటో ఒకటి. ఫోటో పక్కనుంచి ఉండాలట, ముందునుంచి కాదట. "పెళ్ళిచూపులకి కూడా ఇన్ని అడగర్రా!" అని మాస్టారు ఫారాలు తీసుకునే కౌంటర్లో ఉన్నవాడిమీద కేకలేశారు. వాడు ఆవలించి, "తర్వాత ఎవరండీ?" అన్నాడు.

మొదటి ప్రదర్శన ఒక పెద్ద మైదానంలో. మాస్టారు షాపులోంచి అలాగే వెళ్ళిపోయారు, మెళ్ళో కొలతల టేపు కూడా తియ్యలేదు. తాళ్ళు కట్టిన చదరాన్ని రింగు అంటారట. చేతికి నంబరు కట్టారు. కుక్కని ఎడంపక్క ఉంచుకుని పరిగెత్తాలి, ఆపితే అది నాలుగు కాళ్ళమీద కదలకుండా నిలబడాలి, జడ్జి వచ్చి పళ్ళు, భుజాలు, వెన్ను చూస్తాడు. ఇంతే. ఇంత చిన్న పనికి ఇన్ని కాగితాలెందుకా అని విసుక్కుంటూ మాస్టారు పరుగు మొదలుపెట్టారు.

బొత్తాం చక్కగా పరిగెత్తింది. కాసేపటికి ఠక్కున ఆగి, కూర్చుని, తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"మళ్ళీ" అన్నాడు జడ్జి.

మళ్ళీ పరుగు. మళ్ళీ సరిగ్గా అంతే దూరంలో కూర్చుంది. మూడోసారీ అంతే. తాళ్ళ బయట జనం నవ్వడం మొదలుపెట్టారు. మాస్టారు లాగారు, బతిమాలారు, పళ్ళు నూరారు. జడ్జి వెన్ను చూడ్డానికి వస్తే అది కూర్చునే తోక ఊపింది. చివరికి చేతిలో పెట్టిన చీటీమీద 'గుడ్' అని ఉంది. హమ్మయ్య అనుకుని డాక్టరమ్మకి చూపిస్తే ఆవిడ మొహం మాడిపోయింది. "ఇక్కడ గుడ్ అంటే బాలేదని అర్థం మాస్టారూ."

ఆయన మాత్రం ఆ రోజు చూడాల్సింది ఒకటి చూసొచ్చారు. రింగులో పరిగెత్తినవాళ్ళంతా సూట్లు వేసుకున్నారు. ఒకడి భుజం ముడత పడింది, ఒకడి ప్యాంటు మడమల కింద నేల ఊడుస్తోంది, ఒకావిడ కోటు గోధుమరంగు అయితే గుండీలు బూడిదరంగు. ఇంటికొచ్చేదాకా దారంతా ఆయన వాళ్ళ కుట్టునే తిట్టారు, కుక్క ఊసే ఎత్తలేదు.

కుక్క సంగతి మర్నాడు పొద్దున్న తేలింది. అత్తగారు పట్టీ పట్టుకుని బయల్దేరగానే, మాస్టారు కొంచెం వెనకగా నడిచారు. ఆవిడ నడిచింది, మనసులోనే అడుగులు లెక్కపెట్టుకున్నారాయన. ఇరవయ్యో అడుగు దగ్గర ఆవిడ ఆగింది. "కూచోవే" అంది. కుక్క కూర్చుంది. ఆవిడా మందుల షాపు మెట్టుమీద కూలబడి, కొంగుముడిలోంచి బిస్కట్టు తీసి దాని నోట్లో పెట్టింది. కాసేపటికి లేచింది. ఇంకో ఇరవై అడుగులు. మళ్ళీ "కూచోవే". మళ్ళీ ఒక గడప, మళ్ళీ ఒక బిస్కట్టు. వీధి చివరిదాకా అదే వరస.

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "అత్తయ్యగారూ! ఏడాదిగా దీనికి మీరు నేర్పిన విద్య ఇదా? ఇరవై అడుగులకోసారి కూర్చోవడమా?" అని నడివీధిలో నిలదీశారు.

"నేనెవరికీ ఏమీ నేర్పలేదు. నా మోకాళ్ళకి ఇరవై అడుగులే తెలుసు అల్లుడుగారూ. అది నన్ను చూసి కూర్చుంటోంది, మీలాగా నామీద అరవకుండా."

"మీ మోకాళ్ళ పుణ్యమా అని అది డాక్టరమ్మ ఇంటికి పోతుంది!"

ఆ మాట నోరు జారాక తెలిసింది, ఆవిడకి ఇంతవరకూ ఆ షరతు సంగతి ఎవరూ చెప్పలేదని. అత్తగారు పట్టీని చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. తిరుగుదారిలో ఎక్కడ ఆగిందో, ఎలా నడిచిందో మాస్టారు చూడలేకపోయారు. ఆయనే తలొంచుకుని ముందు నడిచారు. తనని తాను తిట్టుకున్నారు, తర్వాత డాక్టరమ్మని తిట్టుకున్నారు, చివరికి ఆ కాలరుని తిట్టుకున్నారు.

ఆ మర్నాటినుంచి అత్తగారి మాట మారింది. ఇరవై అడుగులకి ఆగేది, "నించో" అనేది. కుక్క అలవాటు కొద్దీ కూర్చోబోతే, నడుం కింద చెయ్యి పెట్టి లేపేది. నిలబడితేనే బిస్కట్టు. మాస్టారు గాజు తలుపు వెనకనుంచి చూసేవారు. ఆవిడ ఒక చెయ్యి గోడకి ఆన్చి, రెండో చెయ్యి కుక్క వీపుమీద పెట్టి, పెదవి బిగించి నిలబడేది. ఒకరోజు ఉండబట్టలేక వెళ్ళి, "అది నిలబడితే చాలు కదండీ, మీరు కూర్చోండి" అన్నారు.

"నేను కూర్చుంటే అదీ కూర్చుంటుందిగా" అంది ఆవిడ, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు.

మాస్టారు ఆవిడ చెయ్యి ఆన్చేచోట గోడమీది ధూళి తుడిచి వచ్చేశారు. నాలుగు నెలల్లో ఆవిడ నడకలో ఒక్కరోజూ కూర్చోలేదు. కుక్క కూడా దారిలో కూర్చోవడం మర్చిపోయింది.

ఇక తన వంతు అనుకున్నారు మాస్టారు. అత్తగారు అంత పని చేశాక తను ఊరుకుంటే ఎలా? రెండో ప్రదర్శనకి సూటు కుడతానన్నారు. ఎలాంటి సూటు? అలాంటిలాంటిది కాదు, కుక్కకి మ్యాచింగు సూటు. బొత్తాం వీపుమీద రాలిన వెంట్రుకలు కాగితంలో పొట్లం కట్టుకుని బట్టల దుకాణానికి వెళ్ళారు. నల్లగుడ్డ అడిగితే సేల్సుమాను ఒక తాను తీశాడు. "ఇది నలుపు కాదయ్యా, ముదురు నీలం" అన్నారు. ఇంకొకటి తీశాడు. "ఇందులో ఎరుపు కొడుతోంది." పదకొండు తాన్లు దింపించి, ఒక్కొక్కటీ గుమ్మం దాకా మోయించి, పొట్లంలో వెంట్రుకలు దానిమీద పరిచి చూశారు. పదకొండోది దొరికింది. గుడ్డమీద వేసిన వెంట్రుకలు కనిపించకుండా పోయాయి. సేల్సుమాను మొహంలో రక్తం లేదు కానీ మాస్టారి మొహం మాత్రం వెలిగిపోయింది.

తనకి కోటూ ప్యాంటూ అయ్యాక గుడ్డ మిగిలింది. భార్యకి పొడుగు కోటు, అత్తగారికి శాలువాలాంటి పైవస్త్రం. "రింగు బయట కూర్చున్నా మనం ఎవరి తాలూకో తెలియాలి" అన్నారు. భార్య లైనింగు అతికేటప్పుడు మాత్రం చిన్న గొడవైంది. నల్ల లైనింగు అయిపోయిందని ఆవిడ మీగడరంగు శాటిను తీసింది, ఎవరో పెళ్ళికొడుకు సూటులో మిగిలిపోయిన ముక్క. బరువు గుడ్డ కాళ్ళకి అంటుకోకుండా ప్యాంటుకి కూడా నిలువునా అదే వేసింది.

"నల్ల సూటుకి మీగడరంగేమిటే! నా పేరు తియ్యడానికా?"

"లోపలివైపు ఎవరు చూస్తారండీ?" అంది ఆవిడ, దారం పళ్ళతో తెంపుతూ.

ఆయన మాటే ఆయనకి తగిలింది మరి.

రెండో ప్రదర్శన రోజున ముసురు పట్టింది. మైదానమంతా బురద కావడంతో ఆటల హాల్లోకి మార్చారు. ఎత్తుగా ఎక్కడో నాలుగు గుడ్డి దీపాలు, నేలమీద కుక్కల కాళ్ళు జారకుండా పరిచిన నల్లరబ్బరు చాపలు. ముగ్గురూ నల్లగా దిగారు. నాలుగోది పుట్టుకతోనే నలుపు. మాస్టారు రింగులోకి అడుగుపెడుతూ చుట్టూ ఉన్న సూట్లని ఒక్క చూపు చూసి, గడ్డం కొంచెం పైకెత్తారు.

పరుగు అద్భుతంగా సాగింది. ఇరవయ్యో అడుగు వచ్చింది, బొత్తాం ఆగలేదు. చుట్టు తిరిగొచ్చి ఆపితే, నాలుగు కాళ్ళమీద, మెడ చాచి, బొమ్మలాగా నిలబడింది. అత్తగారి నాలుగు నెలల మోకాళ్ళ నొప్పి అక్కడ నిలబడింది. మాస్టారు జడ్జివైపు చూశారు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే హాలంతా వినపడేలా అత్తగారి గొంతు, "అల్లుడొక్కడే నిలబడ్డాడేమిటే? కుక్కేదీ?"

జనం గొల్లుమన్నారు. జడ్జి నవ్వలేదు. దగ్గరికొచ్చి, "ఆవిడ అడిగిందే నేనూ అడుగుతున్నానండీ. ఈ చీకట్లో, ఈ చాపమీద, ఈ ప్యాంటు పక్కన, కుక్క ఎక్కడ ఆగి మీ కాళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియట్లేదు. వెన్ను గీత కనపడాలి, కాళ్ళ కదలిక కనపడాలి. లేత రంగు వేసుకోవాలని ఎవరూ చెప్పలేదా?" అన్నాడు.

"మ్యాచింగ్ అండీ..." అని మాస్టారు నీళ్ళు నమిలారు.

"అదే వచ్చిన చిక్కు. నాకు కనపడందే మార్కు వెయ్యలేను. ఇంకా ఆరు కుక్కలున్నాయి. అవి అయ్యేలోపు వేరే బట్టల్లో రండి, చివర్న చూస్తాను. లేదంటే ఈ పూటకి మార్కు లేదు."

మాస్టారు పట్టీతో బయటికొచ్చి భార్యని చూశారు. నల్లకోటు. అత్తగారిని చూశారు. నల్లశాలువా. డాక్టరమ్మ పక్క రింగులో తన కుక్కతో ఉంది. కుటుంబం మొత్తాన్ని తన చేతులతో తనే ఇరికించిపెట్టారు. ఇంత వయసొచ్చి, ఇన్ని కోట్లు కుట్టి, గుడ్డమీద వేసిన వెంట్రుక కనపడకపోతే కుక్క కూడా కనపడదని తట్టని బుర్రని ఏం చెయ్యాలో ఆయనకి తెలియలేదు. రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నారు.

"నెత్తి తర్వాత కొట్టుకుందురుగాని, ముందు విప్పండి" అంది భార్య.

"విప్పి?"

"తిరగేసి వేసుకోండి. లోపల లేతరంగేగా."

మాస్టారు వెనక్కి జరిగారు. "తిరగేసా? కుట్లు బయటపెట్టుకునా? ఇంతమంది ముందా? నేను దర్జీనే! సిగ్గు లేదటే?"

"మీ సిగ్గు కావాలా, అమ్మ నడక కావాలా?"

కుక్కలకి స్నానం చేయించే గదిలో, భార్య దుప్పటి అడ్డం పట్టుకుంటే, కోటూ ప్యాంటూ విప్పి తిరగేశారు. కోటు ఎలాగో ఎక్కింది. ప్యాంటు మాత్రం ఆయన తల ప్రాణం తోకకి తెచ్చింది. జిప్పు లోపలికి పోయింది, లాగితే రాదు. భార్య తన కోటుకి గుచ్చుకున్న పిన్నీసులు నాలుగు తీసి పెట్టింది. జేబుసంచులు రెండూ రెండు పక్కలా తెల్లగా వేలాడుతున్నాయి, ఒకదాంట్లో అత్తగారు పెట్టిచ్చిన బిస్కట్లు. లోపలికి దోపడానికి లేదు, ఊడదియ్యడానికి టైము లేదు. "ఇరవై మూడో నంబరు!" అని బయట పిలుపు.

రింగులోకి వెళ్తుంటే జనం ముక్కున వేలేసుకున్నారు. మాస్టారి చెవులు వేడెక్కిపోయాయి. తల దించుకుంటే తన ఒళ్ళే కనిపించింది. చూసి, ఒక్క క్షణం అడుగు తప్పారు.

భుజం చుట్టూ, చంక కింద, అంచు పొడుగునా, గింజంత ఎడం కూడా తేడాలేని కుట్లు. లైనింగు సాగేచోట వదులు పెట్టి, ఒరిసేచోట రెండో వరస వేసి, మూల తిరిగేచోట మూడు కుట్లు ఒకదానిమీద ఒకటి. శాటిను మెరుపుకి దారం కూడా మెరుపుదే, మీగడరంగులో సరిగ్గా ఆ మీగడరంగే. ఎప్పుడు వెతికిందో, ఎక్కడ తెచ్చిందో. ముప్పై ఏళ్ళుగా ఎన్ని వందల కోట్ల లోపల ఇలా కుట్టిందో, తను ఎన్ని వందల సార్లు కానియ్ కానియ్ అన్నారో. మాస్టారికి సిగ్గేసింది. ఈసారి జనాన్ని చూసి కాదు.

"పరిగెత్తండి" అన్నాడు జడ్జి.

పరిగెత్తారు. మీగడరంగు కాళ్ళ పక్కన నల్లటి కుక్క గీత గీసినట్టు కనిపించింది. జేబుసంచి ముక్కు ముందు ఊగుతూ బిస్కట్ల వాసన కొడుతుంటే, బొత్తాం మెడ నిక్కించి, చెవులు రిక్కించి, దాని మీంచి చూపు తిప్పకుండా పరిగెత్తింది. ఇరవై అడుగులు. నలభై. అరవై. ఆపగానే నిలబడింది.

"ఆఁ, ఇప్పుడు కనపడుతోంది!" అని అత్తగారి గొంతు. ఈసారి జడ్జి కూడా నవ్వాడు.

దగ్గరికొచ్చి దాని వెన్ను నిమిరాడు, పళ్ళు చూశాడు, భుజంమీద చెయ్యి వేశాడు. అది కదల్లేదు. చీటీ రాసి ఇచ్చాడు. 'ఎక్సలెంట్.' ఇస్తూ, మాస్టారి భుజం దగ్గరికి వంగి కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "ఇది మిషను కుట్టేనా?"

"కాదండి. చేత్తో వేసింది."

"మీరేనా?"

"నేను కాదండి, మా ఆవిడ. మా షాపులో లోపలి పనంతా ఆవిడదే" అన్నారు మాస్టారు. ఒక్క కస్టమరుకి కూడా ఇంతవరకూ చెప్పని మాట అది. తాళ్ళ బయట నిలబడ్డ భార్య అది విని, ఏదో పనున్నట్టు గబగబా దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టింది. మడతపెట్టిన దుప్పటినే మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది.

డాక్టరమ్మ చీటీ చూసి, తన కాగితం తీసి, షరతుమీద అడ్డగీత కొట్టి సంతకం పెట్టింది. పెట్టి, "మాస్టారూ, దీనికి ఇంకా భవిష్యత్తు ఉంది, వచ్చే ప్రదర్శనకి..." అని మొదలుపెట్టింది.

"అమ్మా, మీకో దణ్ణం. మీ కాలరు ఎడమపక్క ఎత్తుంది, తెస్తే ఊరికే సరిచేసి పెడతాను. ఆ మాట మాత్రం ఎత్తకండి" అన్నారు మాస్టారు.

బయట వాన ఆగింది. భార్య బండికోసం రోడ్డుమీదికి వెళ్ళింది. హాలు మెట్లు తడితడిగా ఉన్నాయి. అత్తగారు కర్రమీద బరువు మోపి నిలబడి, "అయిపోయిందా అల్లుడుగారూ? ఇక దీన్నెవరూ చూడరుగా?" అంది.

"ఎవరూ చూడరండి. ఇది మనదే."

ఆవిడ ఒక చేత్తో మాస్టారి భుజం పట్టుకుని, మెల్లిగా, మూలుగుతూ, తడి మెట్టుమీదే కూలబడింది. నాలుగు నెలల తర్వాత. బొత్తాం నాలుగు కాళ్ళమీదా బిగుసుకుని ఆవిడ మొహంలోకి చూస్తోంది. "ఇక కూచోవే తల్లీ" అంది ఆవిడ. అది కాసేపు నమ్మలేదు. ఆవిడ మళ్ళీ చెప్పింది. అప్పుడు కూర్చుని, తల ఆవిడ ఒళ్ళో పెట్టేసింది.

మాస్టారికీ కాళ్ళు పీకుతున్నాయి. ఆ పక్కనే తనూ చతికిలబడ్డారు.

"అయ్యో, లేవండి! లైనింగు మరకలవుతుంది!" అని భార్య దూరంనుంచి అరిచింది.

లోపలివైపు ఎవరు చూస్తారే అనబోయి, మాస్టారు నోరు మూసుకుని లేచారు. శాటినుకి తడి అంటిందేమోనని వెనక్కి తిరిగి చేత్తో తడిమి చూసుకున్నారు. బండి వచ్చేదాకా అలాగే నిలబడ్డారు.